గరాటు మెడలో దూది

మొన్న హనుమకొండలో ఒక కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. ఫోరెన్సిక్ సైన్సులో పీజీ చేస్తున్న పిల్లలు, పరిశోధన మొదలుపెట్టిన కొందరు పెద్దపిల్లలు ముందు వరుసల్లో కూర్చున్నారు. రిటైరైన వాళ్ళను పిలిచి శాలువా కప్పి రెండు మాటలు చెప్పమంటారు; ఆ రెండు మాటలు గంట దాటుతాయని పిలిచినవాళ్ళకూ తెలుసు, వచ్చినవాళ్ళకూ తెలుసు. చివర్లో ఒకమ్మాయి లేచి, "మేడం, మీ ల్యాబ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన పరికరం ఏది?" అని అడిగింది. "దూది" అన్నాను. హాలంతా నవ్వింది. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను గానీ, నేనన్నది హాస్యానికి కాదు. అంతలో ఎవరో వందన సమర్పణ మొదలుపెట్టడంతో ఆ సంగతి చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. థీసిస్ మొదలుపెట్టబోతున్న మీరు ఒకసారి చదివి, ఆ తర్వాత మీ బ్లాంకులు ఒకసారి చూసుకోండి.

నేను పీహెచ్‌డీలో చేరేనాటికి నాకు నలభై దాటాయి. ఉద్యోగం వరంగల్‌లో, నేరాలకు సంబంధించిన నమూనాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో. నాది విషాల విభాగం. పొద్దంతా ఉద్యోగం, సందు దొరికినప్పుడల్లా అదే బల్ల మీద నా పరిశోధన. గైడు సారు యూనివర్సిటీలో ఉండేవారు. ఆయన దగ్గరికి శనివారాలు వెళ్ళేదాన్ని. పిల్లల్ని పరీక్షలకు చదివించాల్సిన వయసులో నేనే పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

మాది పత్తి ప్రాంతం. ఊళ్ళలో దాదాపు ప్రతి ఇంటి మూలా పురుగుమందు డబ్బా ఉంటుంది. అందువల్ల మా దగ్గరికి వచ్చే సీసాల్లో ఎక్కువ భాగం ఆ మందు తాగినవాళ్ళవే, లేదా ఎవరో తాగించారని అనుమానం ఉన్నవాళ్ళవే. శవపరీక్ష చేసిన డాక్టరు కడుపు ముక్క, కాలేయం ముక్క ఉప్పునీళ్ళ సీసాల్లో పెట్టి సీలు వేసి పంపుతాడు. అందులో విషం ఉందో లేదో చెప్పడం మా పని. మందు ఎక్కువగా ఉంటే మూత తీయగానే వాసనే చెప్పేస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడే తంటా. పాత పద్ధతులకు ఆ కొద్దిపాటి మందు అందేది కాదు. దాన్ని పట్టుకునే కొత్త పద్ధతి తయారుచేయాలన్నది నా పరిశోధన.

పద్ధతి గురించి రెండు మాటలే చెబుతాను, విసుక్కోకండి. ముక్కను నూరి ద్రావకంలో కలిపి, గరాటు మెడలో ఇంత దూది పెట్టి వడకట్టి, వచ్చిన రసాన్ని చిక్కగా చేసి యంత్రానికి ఎక్కిస్తాం. యంత్రం కాగితం మీద ఒక గీత గీస్తూ పోతుంది. మందు లేకపోతే గీత చదునుగా పోతుంది. మందు ఉంటే ఆ మందుకు సంబంధించిన చోట గీత పైకి లేస్తుంది. దీనితో పాటే ప్రతిసారీ, విషం లేదని తెలిసిన మేక కార్జాన్ని కూడా అచ్చంగా అదే దారిలో నడిపించి చూడాలి. దాన్నే బ్లాంకు అంటాం. బ్లాంకు గీత చదునుగా పడుకుంటేనే పక్కనున్న గీతను నమ్మాలి. మా వృత్తిలో నీతి అంటూ ఏదైనా ఉంటే, అది ఆ బ్లాంకే.

మా అటెండరు గురించి చెప్పకుండా ఈ కథ నడవదు. నెక్కొండ అవతల ఒక పల్లె అతనిది. రోజూ ప్యాసింజరు బండిలో వచ్చేవాడు. బండి ఆలస్యమైతే మా ల్యాబు తాళం కూడా ఆలస్యంగా తెరుచుకునేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, నేను "అన్నా" అనేదాన్ని. నేను పీహెచ్‌డీకి రిజిస్టరు చేయించుకున్న మర్నాటి నుంచే నన్ను "డాక్టరమ్మ" అని పిలవడం మొదలుపెట్టాడు.

"అన్నా, ఇంకా కాలేదు. నలుగురిలో నా పరువు తీయకు" అంటే వినేవాడు కాదు.

"అయితరు గదా మేడం. అయినంక అందరంటరు. గప్పుడు నేనంటే గొప్పేమున్నది?" అనేవాడు.

అతనికి ఒక అలవాటు ఉండేది. చేన్లో ఏది పండినా మొదటిది మా ఆఫీసుకు రావాలి. పెసరకాయలు, మక్కకంకులు, అనపకాయలు, ఏది తెంపినా సంచిలో వేసుకొచ్చి ఒక్కొక్కరి బల్ల మీద ఇంత పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవాడు. ఎవరు పెట్టారో అందరికీ తెలుసు. థాంక్స్ చెబితే సిగ్గుపడేవాడు. మా ఏడీ సారు, అంటే మా ల్యాబు పెద్ద, కోపిష్టి మనిషి. బండి ఆలస్యానికి రోజూ అతన్ని తిట్టి, మధ్యాహ్నానికి అతను తెచ్చిన కంకులు ఒలుచుకుని తినేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ల్యాబులో నాకు మొదట గుర్తొచ్చేది ద్రావకాల వాసన కాదు, ఉడికించిన అనపకాయల వాసన.

పరిశోధన బాగానే సాగింది. నా బ్లాంకులు మంచం మీద దుప్పటి పరిచినట్టు చదునుగా వచ్చేవి. దసరా వెళ్ళింది, చలి మొదలైంది. అప్పుడు బ్లాంకు లేవడం మొదలుపెట్టింది.

మొదటిసారి, ఏదో పొరపాటు జరిగిందనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ లేచింది. పెద్దగా కాదు, చిన్న మిట్ట అంత. కానీ లేచింది పత్తి మీద కొట్టే మందు చోటే. మేక కార్జంలో పురుగుమందు ఉన్నట్టు యంత్రం చెబుతోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరిపెడ వైపు నుంచి ఒక కేసు వచ్చింది. వయసులో ఉన్న రైతు. పొద్దున ఇంట్లో అన్నం తిని చేనుకు వెళ్ళి, అక్కడే కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్షలో కారణం తేలలేదు. భార్య అన్నంలో ఏదో కలిపిందని ఆమె అత్తగారింటి వాళ్ళు ఫిర్యాదు చేశారు. మా పాత పద్ధతిలో చూస్తే ఏమీ రాలేదు. ఏడీ సారు ఫైలు నా బల్ల మీద పెట్టి, "మీ పీహెచ్‌డీ ఎందుకు పనికొస్తదో చూద్దాం. మీ పద్ధతిల పెట్టండి" అన్నారు.

పెట్టాను. గీత లేచింది. దాని పక్కనే పెట్టిన బ్లాంకు కూడా లేచింది. కేసు గీత బ్లాంకు కంటే కొంచెం, కొంచెమే, ఎత్తుగా ఉంది. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. విషం ఉందో లేదో నాకు నిజంగా తెలియలేదు.

రెండు మూడు రోజులకు మధ్యాహ్నం భోజనం ముగించి బయటికి వస్తే గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. వయసు పాతిక కూడా ఉండదు. పక్కన ఆమె అన్న. మా అటెండరు వాళ్ళకు మంచినీళ్ళు ఇస్తున్నాడు. నన్ను చూసి, "మేడం, నెక్కొండ కాడి పిల్లనే, మరిపెడ దిక్కు లగ్గం చేసిచ్చిన్లు. గా కేసు గీమెదే" అని మెల్లగా అన్నాడు. కేసుకు సంబంధించిన వాళ్ళతో మేం మాట్లాడకూడదు. అది నియమం. నేను తిరిగి లోపలికి అడుగు వేసేలోపే ఆమె మాట్లాడేసింది.

"పొద్దుగాల బువ్వ తిని చేనుకు పోయిండు మేడం. నేను కూడ గదే తిన్న. మా అత్తగారోళ్ళు నేనేందో కలిపిన్నంటాన్లు. నా బిడ్డను నాకిస్తలేరు, ఆళ్ళ కాడనే పెట్టుకున్నరు. రిపోర్టు రానీ, గప్పుడు చూద్దామంటాన్లు. నాలుగేండ్ల పొల్ల మేడం, నేను లేకుంటే పండది." తర్వాత గొంతు తగ్గించి అంది, "నేనేం కలపలే మేడం."

ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. చెప్పకూడదు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు కూడా. లోపలికి వచ్చేశాను. సీసాలతో పని చేసేవాళ్ళం మేము. సీసా వెనక మనిషి మా గేటు దాకా రావడం అరుదు. ఆ రోజు నుంచి ఆ గీత ఎత్తు నాకు అంకెలా కనబడటం మానేసింది. నాలుగేళ్ళ పిల్ల తల్లి దగ్గర పడుకోవడం, పడుకోకపోవడం ఆ మిట్ట మీద ఉంది.

శనివారం గైడు సారు దగ్గరికి వెళ్ళి రెండు కాగితాలూ చూపించాను. ఆయన మంచివారు, పెద్దమనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశారు.

"ఇందులో ఏముందమ్మా? బ్లాంకులో ఎంత వస్తే అంత తీసేయ్. మిగిలింది రాసుకో. అందరూ చేసే పనే" అన్నారు.

"బ్లాంకు ఎందుకు లేస్తుందో తెలియకుండా ఎట్లా తీసేయను సార్?"

"అది వెతుక్కుంటూ కూర్చుంటే ఏడాది పోతుంది. ఎండాకాలంలో నేను రిటైర్ అవుతున్నా. ఆలోపు సబ్మిట్ చేస్తే నా సంతకంతో పోతుంది. లేదంటే ఇంకో గైడును పట్టుకోవాలె, మళ్ళీ మొదటికి రావాలె. జర ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. తీసేస్తే నా థీసిస్‌కు ఢోకా లేదు. కానీ కేసులో తీసేస్తే కొంచెం మిగులుతుంది. ఆ కొంచెం చాలు, 'విషం ఉన్నది' అని రాయడానికి. ఆ తర్వాత ఆమెను తీసుకుపోవడానికి పోలీసులకు ఇంకేమీ అక్కరలేదు. ఏడీ సారు రోజూ అడుగుతున్నారు. ఎస్సై ఫోన్ చేసి, "మేడం, ఊళ్ళ లొల్లి లొల్లి అయితాంది. ఉన్నదో లేదో ఒక్క మాట చెప్పుండ్రి" అంటున్నాడు. బ్లాంకు పడుకునేదాకా రిపోర్టు ఇవ్వనని ఏడీ సారుతో చెప్పేశాను. ఆయన బల్ల మీది పేపరువెయిటు ఎత్తి గట్టిగా పెట్టారు. అది ఆయన అంగీకారమని అన్నేళ్ళ సర్వీసులో నేర్చుకున్నాను.

ఇక వేట మొదలైంది. ముందు మేకను అనుమానించాను. మా దగ్గర పత్తి ఏరడం అయిపోయిన చేన్లలో మేకల్ని వదులుతారు. అవి ఆకులు తింటాయి, ఆకుల మీద మందు ఉంటుంది, కార్జంలోకి వస్తుంది. ఎంత చక్కటి కారణమో చూడండి. గైడు సారుకు కూడా తెగ నచ్చి, దాని మీద వేరే పేపరు రాయమన్నారు. నేను మాంసం దుకాణం మార్చాను, ఇంకోటి మార్చాను. హంటర్ రోడ్డు వైపు ఒక దుకాణంలో ఆయన కార్జం కాగితంలో చుడుతూ, "వారం వారం కార్జమే తీస్కపోతాన్లు మేడం. ఇంట్ల ఎవలికన్న రక్తం తక్కువున్నదా?" అని జాలిగా అడిగాడు. ఉన్నదన్నాను. విషం కోసమని చెబితే మళ్ళీ ఆ దుకాణం మెట్లు ఎక్కనిస్తాడా?

తర్వాత మేకను పూర్తిగా తీసేసి ఉత్త నీళ్ళతో చేశాను. అప్పుడూ గీత లేచింది. పాపం మేకకు ఏ సంబంధమూ లేదు, నా వేరే పేపరూ అక్కడే పోయింది. ద్రావకం కొత్త సీసా తెప్పించాను. గాజు సామాను మొత్తం ఆసిడ్‌తో కడిగించాను. లేస్తూనే ఉంది.

మిగిలింది మనుషులు. మా అటెండరు పొద్దున చేనుకు మందు కొట్టి, స్నానం చేసి, బండెక్కి వస్తాడని నాకు తెలుసు. గరాట్లు కడిగేది, సర్దేది అతనే. నాకు కష్టంగానే ఉంది, అయినా చెప్పక తప్పలేదు.

"అన్నా, నాలుగు రోజులు నువ్వు నా బల్ల దగ్గరికి రాకు. సామాను నేనే కడుక్కుంటా."

"నేనేం జేసిన మేడం?"

"నువ్వేం చేయలేదు. మందు కొట్టి వస్తావు కదా, చేతులకు ఏమన్నా అంటుకుని వస్తుందేమోనని చూస్తున్నా."

అతను తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "సబ్బుతోటి తోముకునే వస్తాన మేడం. సరే, రాను తియ్యిండ్రి" అని వెళ్ళి వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. ఆ నాలుగు రోజులూ నన్ను ఒక్కసారి కూడా డాక్టరమ్మ అనలేదు. అడిగినదానికి "ఊఁ మేడం" అనేవాడు. ఆ పిలుపు వద్దని నేనే కదా మొత్తుకున్నాను, అది లేకపోతే ల్యాబు బోసిపోయినట్టు అనిపించింది.

అన్నీ నేనే కడిగాను, నేనే సర్దాను. గీత మళ్ళీ లేచింది. అంటే అతని చేతులూ కావు. ఆ మాట అతనికి చెప్పాలని లేచాను. లేస్తూ బల్ల మీద దూది డబ్బా మూత పెట్టబోతే, ఒక చిన్న ముక్క జారి పక్కనే ఉన్న నీళ్ళ గిన్నెలో పడింది.

పడి, తేలింది.

గాజుకడ్డీతో లోపలికి నొక్కాను. వదలగానే మళ్ళీ పైకొచ్చింది, పొడిగా. దవాఖానల్లో వాడే దూది అట్లా తేలదు. దాన్ని శుద్ధిచేసి, దానిలోని జిడ్డంతా తీసేస్తారు. నీళ్ళు తగలగానే తాగి మునిగిపోతుంది. తేలేది చేను మీది పత్తి. ఈ సంగతి నేను కాలేజీలో చదువుకోలేదు. మా నాన్న కేసముద్రంలో పత్తి వ్యాపారం చేసేవారు. తూకం పెరగడానికి ఎవరైనా నీళ్ళు చల్లారేమోనని బోరాలో చేయి పెట్టి చూసేవారు. మంచి పత్తి మీద నీటిచుక్క ఇంకకుండా నిలబడటం నేను ఐదేళ్ళ వయసులోనే చూశాను. పత్తి కుప్పల మీద దొర్లి పెరిగినదాన్ని. మూడు నెలలు రోజూ వేళ్ళతో తుంచి గరాట్లో పెడుతూ, అది ఏ పత్తో గుర్తుపట్టలేకపోయాను. మా నాన్న ఉంటే ఈ ముక్క బజారంతా చెప్పుకుని నవ్వేవారు.

వరండాలోకి వెళ్ళి డబ్బా చూపించాను. "అన్నా, ఈ దూది ఎక్కడిది?"

అతని ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి.

"గుర్తువట్టిన్లా మేడం? మా చేన్లదే. ఈయేడు మొదటి ఏరుడు. దసరా కాడ స్టోర్ల దూది ఒడిసింది. అడిగితే వస్తది వస్తదంటాన్లు గని వస్తలేదు. మీ పీహెచ్‌డీ పని ఆగొద్దని మా అమ్మతోటి గింజలు తీయించిన. చేతితోటే తీసింది, ఒక్క నలుసు కూడ లేకుండ. మల్లెపూల లెక్కున్నదా లేదా?"

కంకులు పెట్టినట్టు, అనపకాయలు పెట్టినట్టు, చెప్పకుండా తెచ్చి నా బల్ల మీది డబ్బాలో పెట్టాడు. ఆ చేను మొదటి పంట అది.

"దీని మీద మందు కొట్టినవా?" అన్నాను.

"కాయ పగిలే ముంగట కొట్టినం. పురుగు మస్తు పడ్డదని ఇంకోపారి కొట్టినం. అందరు కొడతాన్లు గదా మేడం." అప్పటికి అతనికి అర్థం కావడం మొదలైంది. డబ్బాలోకి చూశాడు. "గింత తెల్లగున్నది. దీంట్ల మందెట్లుంటది?"

ఆ దూదిని ఒక్కదాన్నే ద్రావకంలో తడిపి యంత్రానికి ఎక్కించాం. అతన్ని పక్కనే నిలబెట్టుకున్నాను. గీత కొండలా లేచింది. దూది చిటికెడు ఎక్కువైతే గీత ఇంకాస్త లేచేది. కేసు గీత బ్లాంకు కంటే ఎత్తుగా రావడానికి కారణం అదే. ఆ రోజు కేసు గరాట్లో కొంచెం ఎక్కువ దూది పెట్టి ఉంటాను. వాడేముందు దూదిని కూడా ద్రావకంతో కడగాలని పుస్తకాల్లో ఉంది. స్టోరు దూదితో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు గనుక మా ల్యాబులో ఆ వాక్యం ఎవరికీ గుర్తులేదు.

"నా నౌకరి పోతదా మేడం?" అన్నాడు మెల్లగా.

ఏడీ సారు గదిలోకి నేనే వెళ్ళాను. విన్నంతసేపు ఆయన ముఖం ఎర్రబడుతూ వచ్చింది. "ఎవడు తెమ్మన్నడు వాణ్ణి? మెమో ఇస్త" అన్నారు. నేను ఆయన బల్ల మీదికి చూశాను. దూది కోసం స్టోరుకు పంపాల్సిన కాగితం దసరా నుంచి ఆయన సంతకం కోసమే ఎదురుచూస్తూ, పేపరువెయిటు కిందే ఉంది. ఆయన కూడా అటు చూశారు. మెమో మాట మళ్ళీ ఎత్తలేదు. సంతకం చేసి కాగితం నా చేతికే ఇచ్చి, "మెడికల్ షాపుల ఒక కట్ట తెప్పియ్యండి ఇప్పుడే. కేసు మళ్ళీ పెట్టండి" అన్నారు.

కేసులో ప్రతి నమూనాలో సగం దాచి ఉంచుతాం, ఇటువంటి రోజు కోసమే. కొత్త దూది, దాన్నీ కడిగి, మళ్ళీ మొదటి నుంచి చేశాను. ముందు బ్లాంకు ఎక్కించాను. గీత చదునుగా పోయింది. తర్వాత కేసు. యంత్రం ముందు కూర్చుని, ఆ మందు వచ్చే చోటు దగ్గరయ్యే కొద్దీ నేను దేవుణ్ణి తలుచుకున్న మాట నిజం. శాస్త్రజ్ఞులు అట్లా చేయకూడదని మీ పుస్తకాల్లో ఉంటే ఉండనివ్వండి. గీత లేవలేదు. ఇంకోసారి చేశాను, లేవలేదు. ఆ చలికాలంలో నా పద్ధతికి వచ్చిన కేసు అదొక్కటే కావడం మా అదృష్టం. 'విషము కనుగొనబడలేదు' అని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో ఆ మాట చాలాసార్లు రాశాను గానీ, రాస్తుంటే సంతోషంతో కళ్ళు తడవడం ఆ ఒక్కసారే.

థీసిస్ సంగతి అడుగుతారు కదా. దసరా తర్వాత చేసిన పనంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. గైడు సారు తల పట్టుకున్నారు. ఎండాకాలంలో రిటైరయ్యారు. కొత్త గైడుతో మళ్ళీ మొదలుపెట్టాను. అయితే ఆయన వీడ్కోలు సభలో నన్ను పక్కకు పిలిచి, "నేను తీసేయమన్న ఆ బ్లాంకునే మొదటి అధ్యాయంగా పెట్టుకో అమ్మా" అన్నారు. అట్లాగే పెట్టాను. పత్తి ప్రాంతాల్లో మన గాలి, మన దూది, మన చేతులు దేన్నీ విషం లేనిదని అనుకోవద్దని ఆ అధ్యాయం చెబుతుంది. వైవా రోజు పరీక్షకుడు ఎక్కువసేపు అడిగింది ఆ అధ్యాయం మీదే. బయట వరండాలో మా అటెండరు పేడాల డబ్బాతో కాచుకుని ఉన్నాడు. నన్ను చూసి "డాక్టరమ్మా" అన్నాడు, ఈసారి అధికారికంగా.

కానీ నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది వైవా కాదు. దానికి చాలా ముందు జరిగిన ఇంకో రెండు సంగతులు.

రిపోర్టు వెళ్ళిన కొన్నాళ్ళకు అతను పొద్దున రాగానే నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మేడం, గామెను నెక్కొండ స్టేషన్ల చూసిన. పొల్ల ఎంబడే ఉన్నది. తల్లి కొంగు వట్టుకొని జామకాయ తింటాంది" అన్నాడు. ఆమె అతన్ని గుర్తుపట్టలేదట. అతనూ పలకరించలేదట. "ఎందుకు మేడం, మల్ల గవన్నీ యాదికొస్తయి" అన్నాడు. ఆ రోజు టీ డబ్బులు నేనే ఇచ్చి అందరికీ తాగించాను. ఎందుకని ఏడీ సారు అడగలేదు, మామూలుగా ఆయన అడిగే మనిషే.

రెండో సంగతి ఆ తర్వాతి వానాకాలంది. విత్తనాలు పెట్టి వచ్చిన రోజే నాతో అన్నాడు, "మేడం, ఈసారి మీకోసం నాలుగు సాళ్ళు ఇడిసిపెట్టిన. సుక్క మందు కొట్ట. గప్పుడు చూద్దాం గీత ఎట్ల లేస్తదో." వద్దన్నా వినలేదు. ఊళ్ళో వాళ్ళు నవ్వుతున్నారని, పురుగు పడి కాయలు రాలుతున్నాయని, అతని అమ్మ తిడుతోందని, అప్పుడప్పుడూ వార్తలు తెచ్చేవాడు. ప్యాసింజరు బండిలో అతని పక్కన కూర్చునే వాళ్ళందరికీ ఆ నాలుగు సాళ్ళ సంగతి తెలిసిపోయింది.

దీపావళి దాటాక ఒక రోజు తువ్వాలలో మూట కట్టుకుని వచ్చాడు. నాలుగు సాళ్ళకు కలిపి వచ్చింది ఆ గుప్పెడే. గింజలు తీసి ఉంది. చేయి పెట్టి చూశాను. నిజంగానే మల్లెపూలలా ఉంది. "పెట్టుండ్రి మేడం" అన్నాడు. అతనే గరాటు కడిగి తెచ్చాడు. ముందు బ్లాంకు ఎక్కించాం. పడుకుంది. అతను నవ్వాడు. తర్వాత అతని దూది ఎక్కించి, ఇద్దరం యంత్రం పక్కన నిలబడ్డాం. గీత చదునుగా పోతోంది. పోతోంది. ఆ చోటు వచ్చింది. అక్కడ గీత సన్నగా, చీమ వీపంత, లేచి దిగింది.

అతను కాగితం మీదికి వంగి చూశాడు. ఆ గీతలు చదవడం ఈపాటికి అతనికీ వచ్చు. నాలుగు సాళ్ళకు అటూ ఇటూ ఉన్నది అందరి చేనే, గాలికి గట్లు తెలియవు కదా. అది చెబుదామని నోరు తెరిచాను. అతను నా వైపు తిరిగాడు. గేటు దగ్గర ఆ అమ్మాయి ముఖంలో చూసిందే అతని ముఖంలోనూ ఉంది.

"నేను కొట్టలే మేడం" అన్నాడు.

ఆ రోజు గేటు దగ్గర జవాబు చెప్పడానికి నాకు వీల్లేదు. ఈసారి ఉంది.

"నాకు తెలుసన్నా" అన్నాను.